అంటురోగాలతోని ఊరికి పడే ఖర్చు: ఆరోగ్యశ్రీల కనబడని లెక్క

తమ్మీ, నీ ప్రశ్న చదివిన. పాలమూరు యూనివర్సిటీల ఎంఏ ఎకనామిక్స్ చేస్తున్నవ్, అంటురోగాల వల్ల సమాజానికి ఎంత ఆర్థిక నష్టం అనేదాని మీద ప్రాజెక్ట్ పెట్టుకున్నవ్, "సర్కారు దవాఖానల మందులు ఫ్రీనే, పెద్ద రోగమైతే ఆరోగ్యశ్రీ 10 లక్షల దాక ఉన్నది, ఇగ నష్టం ఏడ ఉన్నది సార్, దేన్ని లెక్కగట్టాలె" అని అడిగినవ్. మంచి ప్రశ్ననే. నేను ఉమ్మడి నల్గొండ జిల్లాల మలేరియా, ఫైలేరియా (అంటే బోదకాలు) సెక్షన్ల నౌకరి చేసి రిటైరైన, నౌకరి చేస్కుంటనే దూరవిద్యల నువ్వు చదివే సబ్జెక్టే పీజీ చేసిన, గందుకే రెండు దిక్కుల నుంచి చెప్త. పొడుగైతది, ఓపికతోని చదువు.

ముందుగాల ఒకటి అర్థం చేస్కో. మన దిక్కు జరాల సీజన్ ఎప్పుడు? ఆగస్టుల మొదలైతే అక్టోబర్, నవంబర్ దాక. వానలకు నీళ్లు నిలుస్తయి, డెంగీ, మలేరియా, టైఫాయిడ్ అన్నీ ఆ నెలలల్లనే. సరిగ్గ అప్పుడే వరిల కలుపు, పత్తికి మందు కొట్టుడు, ఆ ఎనక పత్తి ఏరుడు, అంటే ఏడాది మొత్తంల చేతికి పని దొరికి కూలి రేటు గట్టిగుండే నెలలు. ఏప్రిల్ల జరమొస్తే పోయేది ఖాళీ రోజు, అక్టోబర్ల వస్తే పోయేది పంట రోజు. రెండు రోజులకు ఒకటే రేటు కట్టి లెక్కేస్తే నీ ప్రాజెక్ట్ అక్కడనే తప్పుతది.

ఒక ఇల్లు అనుకుందాం. మూడెకరాల పత్తి, మొగుడు పెండ్లాం ఏరుకుంటరు, అవసరమైతే ఇద్దరు కూలోళ్లను పెట్టుకుంటరు. ఆమెకు డెంగీ వచ్చింది. మొదటి రెండు రోజులు ఊర్ల ఆర్ఎంపీ దగ్గర సూది, సెలైను, మూడో నాడు ప్లేట్‌లెట్లు పడిపోతున్నయని ఎవరో అనంగనే భయపడి కారు మాట్లాడుకొని టౌన్ల ప్రైవేటుకు ఉరుకుతరు, ఆడ రోజుకోసారి రక్తం తీసుడు, బెడ్డు చార్జీ, బయట మెడికల్ షాపు. మొత్తం 40 వేలు అయినయనుకో. ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లనే ఉంటది, గానీ ఆ దవాఖాన లిస్టుల ఉండాలె, అడ్మిషన్ కావాలె, ఆ జబ్బు ప్యాకేజీల ఉండాలె. ఆర్ఎంపీకి, ఓపీకి, కారు కిరాయికి ఎవరిస్తరు? ఆ 40 వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 1,200, ఏడాదికి 14,400 ఒట్టి మిత్తే. అసలు అట్లనే ఉంటది.

ఇంకోదిక్కు చేన్ల పత్తి పగిలి చెట్టు మీదనే ఉంటది. ఆయనకు జరం లేదు, గానీ దవాఖానల మంచం పక్కన కూసున్నడు, అంటే ఒకరికి రోగమొస్తే ఇద్దరి కూలి పోయింది. ఎనిమిదో తరగతి బిడ్డ బడి మానేసి బర్రెకు గడ్డేసి తమ్మునికి వండి పెడ్తది. నడుమ ఒక వాన పడ్డది. పత్తిల తేమ 8 శాతం లోపుంటేనే సీసీఐ, అంటే పత్తి కొనే సర్కారు సంస్థ, పూర్తి మద్దతు ధర ఇస్తది, 12 దాక కోత పెట్టి తీస్కుంటది, దాటిందా బండి వాపసే. వాపసొచ్చిన బండిని మల్ల ఇంటికి తేలేరు, జిన్నింగ్ మిల్లు గేటు కాడ ప్రైవేటు వ్యాపారి ఎంతంటే అంతకు ఇచ్చి వస్తరు. ఇప్పుడు చెప్పు, ఈ ఇంటికి డెంగీ ఖర్చు ఎంత? దవాఖాన రశీదుల 40 వేలు ఉంటది. బండి కాడ పోయింది, మిత్తి, ఇద్దరి కూలి, బిడ్డ బడి, బర్రె పాలు తగ్గింది, ఇవేవి డెంగీ అనే పేరు కింద ఎక్కడా రాయబడవ్. "ఈసారి పత్తి కలిసి రాలే" అనుకుంటరు అంతే.

జీడీపీ ముచ్చట. నీ ప్రశ్న కింద ఒకాయన అంటురోగాల నష్టం జీడీపీల, అంటే దేశం ఏడాది ఉత్పత్తి మొత్తం విలువల, ఇన్ని శాతాలు అని నంబర్లు పెట్టిండు. చూడు, ఆ 40 వేలు దవాఖానకు, ల్యాబుకు, మెడికల్ షాపుకు ఆదాయం, అంటే జీడీపీల ప్లస్ కిందికే పోతది. ఇంట్ల ఆడామె చేసే చాకిరి, ఆమె జరంతోని పండుకుంటే ఆగిపోయిన పని, అసలు లెక్కలనే లేదు కాబట్టి మైనస్ గూడ కాదు. పెద్ద దెబ్బ పడ్డప్పుడు మాత్రం జీడీపీల కనబడ్తది, 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాక మూడు నెలలకు మన దేశం జీడీపీ 23.9 శాతం పడ్డదని మొదటి అంచనా ఇచ్చిన్రు గదా, అట్ల. ప్రతి ఏడు వచ్చే జరాలకు ఆ త్రాసు పనికిరాదు. జేబుల నుంచి పెట్టే ఖర్చు గురించి సర్కారు లెక్క ఒకటి ఉన్నది, మొత్తం ఆరోగ్య ఖర్చుల జనం సొంతంగ పెట్టుకునే వాటా 2013-14ల 64 శాతం ఉంటే 2021-22కు 39 శాతానికి దిగింది. మంచిదే, నేను కాదనను, గానీ అది గూడ రశీదుల లెక్కనే.

ఇగ నాకు బాగ తెలిసిన దాని దగ్గరికొస్త, బోదకాలు. నల్గొండ అనంగనే బయటోళ్లకు ఫ్లోరైడే యాదికొస్తది, బోదకాలు గూడ మన జిల్లాను పట్టుకున్న పాత పీడ. మురికి కాల్వలల్ల పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టి సన్నని పురుగు ఒంట్లకు పోతది, లోపల ఏండ్లకేండ్లు బతుకుతది, మనిషికి ఏం తెల్వది, ఎప్పుడో కాలు వాచుడు మొదలైతది, ఒకసారి గట్టిపడ్డదంటే ఎనకకు రాదు. దీంతోని మనుషులు చావరు. చావరు కాబట్టి పేపర్ల రాదు, మీటింగుల ఎవ్వరు అడగరు. గానీ ఏడాదిల కొన్నిసార్లు చలిజరం వస్తది, కాలు ఎర్రగైతది, నాలుగైదు రోజులు మంచం దిగలేరు, నాట్ల టైంల బురదల దిగలేరు, దిగితే పుండ్లయి మల్ల జరం. కూలి గుంపుల అందరితోని సమానంగ నడవలేనామెను మెల్లగ గుంపుల నుంచి తీసేస్తరు, తీసేసిన్రని గూడ అనరు, పొద్దున పిలుసుడు మానేస్తరు.

దక్షిణ భారతంల ఒక నేత ఊర్ల 1990లల్ల ఒక పరిశీలన చేసిన్రు, బోదకాలు ఉన్న నేతగాళ్ల ఉత్పత్తి లేనోళ్ల కంటె నాలుగో వంతుకు పైనే తక్కువ తేలింది. పోచంపల్లి దిక్కు పోయి గుంత మగ్గం చూస్తే నీకు ఎందుకో అర్థమైతది, మనిషి గుంతల కాళ్లు పెట్టుకొని పొద్దందాక చెక్కలు తొక్కాలె, అక్కడ కాలే పెట్టుబడి. దేశం మొత్తానికి ఈ ఒక్క రోగంతోని ఏడాదికి దగ్గర దగ్గర వంద కోట్ల డాలర్ల నష్టమని అప్పట్లనే అంచనా వేసిన్రు.

ఇప్పుడు సర్కారు దిక్కు నుంచి చూడు. మన రాష్ట్రంల బోదకాలు ఉన్నోళ్లకు 2018ల నెలకు 1,000 పింఛను మొదలుపెట్టి 2019ల 2,016 చేసిన్రు. ఏడాదికి 24,192. ఒక మనిషికి 25 ఏండ్లు ఇచ్చిన్రనుకో, 6 లక్షలు దాటుతది. ఇయ్యాలె, తప్పకుండ ఇయ్యాలె, ఆ పైసలతోనే చాలమంది ముసలామెలు తలెత్తుకొని బతుకుతున్నరు. నేను చెప్పేది ఏందంటే రోగం రాకుంట చేసే మాత్రల ఖర్చు, అదే డీఈసీ, అల్బెండజోల్, మనిషికి ఏడాదికి కొన్ని రూపాయలు. ఆ కొన్ని రూపాయల పని సరిగ్గ కానందుకు లక్షల బిల్లు తర్వాతి బడ్జెట్ల మీద పడ్తది. మాత్రల ఖర్చు ఒక శాఖది, పింఛను ఖర్చు ఇంకో శాఖది, ఒకరు మిగిలిస్తే ఇంకొకరికి లాభం, గందుకే ఎవరికీ తొందర లేదు. ఈ రెండు ఖాతాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే నీ ప్రాజెక్టుల ఒక మంచి చాప్టర్ అయితది.

ఆ మాత్రల పని ఎట్లుంటదో చెప్పాలె, ఎందుకంటే ఎకనామిక్స్ అంతా అక్కడనే ఉన్నది. పురుగు పిల్లలు పగలు రక్తంల పైకి రావు, రాత్రి దోమలు కుట్టే టైంకు వస్తయి, గందుకే మేము రాత్రి ఎనిమిదిన్నర దాటినంక గల్లీలకు పోయి వేలికి సూది గుచ్చి స్లైడు తీస్కోవాలె. కుక్కలు ఎంబడి పడ్తయి. తలుపు కొడితే "నాకేం రోగం లేదు, నా రక్తం మీకెందుకు" అంటరు. మాత్రలు పంచేటప్పుడు గూడ అంతే, మా ముందల మింగమంటే "అన్నం తినలే, తిన్నంక ఏస్కుంట" అని కొంగుకు ముడేసుకుంటరు, తెల్లారి ఆ గల్లీ దిక్కు పోతే పెంటకుప్ప మీద తెల్లగ కనబడ్తయి. ఎవర్ని తప్పు పట్టాలె? కాలు మంచిగున్న మనిషికి మాత్రతోని వచ్చేది తిప్పుడు, వాంతి, లాభం ఏం కనబడది. గానీ మొత్తం జనాభాల కనీసం 65 శాతం మంది నిజంగ మింగితేనే, అట్ల వరుసగ కొన్నేండ్లు చేస్తేనే దోమకు పురుగు దొరకకుంట పోయి రోగం ఆగుతది. అంటే నువ్వు మింగిన మాత్ర ఎక్కువగ పక్కింటోళ్ల పిల్లను కాపాడుతది.

ఫ్లోరైడ్‌తోని తేడా ఇదే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మర్రిగూడల ఒకాయన ఎముకలు వంకర పోయినయనుకో, ఘోరమే, గానీ ఆయన నుంచి పక్కింటాయనకు అంటుకోదు. నీళ్లు మారిస్తే ఆయన బాధ అక్కడికి ఆగుతది. అంటురోగం అట్ల కాదు, ఒక ఇంటి నిర్లక్ష్యం ఖర్చు ఇంకో ఇంటి మీద పడ్తది, ఒక ఇంటి జాగ్రత్త లాభం గూడ ఇంకో ఇంటికి పోతది. మీ పుస్తకాలల్ల ఎక్స్‌టర్నాలిటీ అంటరు చూడు, ఫ్యాక్టరీ పొగ ఉదాహరణ ఇస్తరు. ఆ పొగ ఎందుకు, మన గల్లీల మురికి కాల్వ ఉన్నది గదా.

టీబీ. దేశంల ఏడాదికి సుమారు 28 లక్షల మందికి వస్తున్నదని డబ్ల్యూహెచ్ఓ 2023 లెక్క, ప్రపంచం మొత్తంల నాలుగో వంతుకు పైన మన దేశంలనే. టెస్టు ఫ్రీ, ఆరు నెలల మందులు ఫ్రీ, పోషణకు నెలకు 500 ఇచ్చేది 2024 నవంబర్ నుంచి 1,000 చేసిన్రు. అయినా టీబీ వచ్చిన ఇల్లు కుంగిపోతది, ఎందుకు? మందు మొదలు కాకముందు కాలంల. దగ్గు వచ్చింది, పొడి మందు, ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్, ప్రైవేటుల ఎక్స్‌రే, ఇంకో డాక్టరు, ఇంకో టానిక్, ఇట్ల నెలలు గడిచి పైసలు అయిపోయినంక సర్కారు దవాఖానకు వస్తరు. ఆ నెలలల్ల ఇంట్లోళ్లకు, సెంట్రింగ్ పనిల ఒకటే రూముల పండుకునేటోళ్లకు అంటుతనే ఉంటది. ఇంటి ఏడాది ఆదాయంల 20 శాతం దాటి ఖర్చయితే దాన్ని కుటుంబాన్ని కూల్చే ఖర్చు కింద డబ్ల్యూహెచ్ఓ లెక్కగడ్తది, ఆ లెక్కల పోయిన కూలి, దారి కిరాయి గూడ కలుపుతరు. నీ ప్రాజెక్టుకు ఆ పద్ధతి బాగుంటది.

పాలమూరు నుంచి వలస కూలి గుంపులకు పోయేటోళ్ల సంగతి ఇంకా కష్టం. గుంపు మేస్త్రి దగ్గర ముందే అడ్వాన్సు తీస్కొని పోతరు, ఆలు మొగలు జోడిగ పోతరు. ఒకరికి జబ్బు చేస్తే ఆ అడ్వాన్సు ఎక్కడికీ పోదు, మీద పడి పెరుగుతది, వచ్చే ఏడు గూడ ఆ మేస్త్రి ఎంబడే పోవాలె, రేటు ఎంతిచ్చినా సరే. రోగం ఆరు నెలలల్ల తగ్గుతది, ఆ బాకీ తగ్గది.

ఇంకో ఖర్చు ఉన్నది, అది భయం ఖర్చు. 2020 ఫిబ్రవరి, మార్చిల యాదికి తెచ్చుకో, అప్పటికి మన ఊర్లల్ల ఒక్క కరోనా కేసు లేదు, కోడి తింటే కరోనా వస్తదని వాట్సాప్‌ల ఎవడో పెట్టిండు. షాద్‌నగర్, జడ్చర్ల దిక్కు ఫారాలల్ల కోళ్లు అట్లనే ఉండిపోయినయి, బతికున్న కోడి కిలో 20, 30 రూపాయలకు గూడ అడిగేటోడు లేడు, దాణా ఖర్చుకు భయపడి ఊరికెనే పంచినోళ్లు ఉన్నరు. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌ల మంత్రులు స్టేజి మీద కూసొని చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. కోళ్లోళ్ల దెబ్బ మక్కలోళ్ల మీద పడ్డది, ఎందుకంటే మక్కలు ఎక్కువ పోయేది దాణాకే. రోగం కోడిల లేదు, కోళ్లోళ్ల దగ్గర లేదు, నష్టం మాత్రం వాళ్లది. 1994 సెప్టెంబర్ల సూరత్‌ల ప్లేగు అన్నప్పుడు దేశం మొత్తంల చచ్చిపోయింది యాభై చిల్లర మంది, గానీ కొన్ని రోజులల్లనే లక్షల మంది ఆ ఊరు ఖాళీ చేసిన్రు, విదేశాల విమానాలు ఆగినయి, మన సరుకు కొనేది లేదన్నరు, నష్టం 170 కోట్ల డాలర్ల పైననే అని అంచనా. ఆ సూరత్‌ల మగ్గాల మీద మన తెలంగాణ పద్మశాలీలు ఎంతమంది ఉంటరో నీకు చెప్పనక్కరలేదు. 2003ల సార్స్ గూడ అంతే, ప్రపంచంల 774 మంది చనిపోయిన్రు, నష్టం అంచనా 4,000 కోట్ల డాలర్లు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది, చాలమంది రాయరు. రోగం ఉన్నదని చెప్పుకుంటే నష్టమైతదని తెలిసినోడు దాస్తడు. టీబీ ఉన్నదని తెలిస్తే బిడ్డ సంబంధం పోతదని దాస్తరు, ఫారంల కోళ్లు చస్తున్నయని చెప్తే పక్క ఫారాలు గూడ మూపిస్తరని, పరిహారం ఎప్పటికొస్తదో అని రాత్రికి రాత్రి లారీ ఎక్కిస్తరు. 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాలల్ల బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన బార్డర్ల చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల లారీలు ఆపిన్రు చూసినవ్ గదా. పరిహారం గట్టిగ, తొందరగ ఇస్తే దాచుడు తగ్గుతది, అది దయతోని ఇచ్చేది కాదు, రోగం మొదట్లనే దొరకబట్టుకోనీకి పెట్టే పెట్టుబడి. ఇన్సెంటివ్ అని పరీక్షల రాస్తరు, నిజం మనుషుల మీద పెట్టి చూడరు.

కరోనా గురించి మస్తు మంది రాసిన్రు, నేను ఒక్కటే అంట. బడులు 2020 మార్చిల బంద్ అయితే, నడుమ 2021 ఫిబ్రవరిల పెద్ద తరగతులు కొన్ని వారాలు నడిచి మల్ల బంద్ అయి, అందరికి తెరిచింది 2021 సెప్టెంబర్ల. ప్రైవేటు టీచర్లకు సర్కారు నెలకు 2,000, 25 కిలోల బియ్యం ఇయ్యాల్సి వచ్చింది, అదీ జీతాలు ఆగి ఏడాది అయినంక. గానీ టీచరు మల్ల నౌకరిల చేరిండు. అప్పుడు ఏడో తరగతిల ఉండి ఫోన్ లేక పత్తి చేన్లకు అలవాటైన పోరడు మల్ల బడి ముఖం చూడకుంటే వాని ముప్పై ఏండ్ల సంపాదనల తేడా ఎవరు లెక్కగడ్తరు? ఇప్పుడు అటువంటోళ్లకు పద్దెనిమిది, ఇరవై ఏండ్లు. నీ తమ్ముని వయసు. మీ ఊర్లనే అడిగి చూడు.

రోగం పోగొడితే ఏం మిగుల్తదో గూడ చూపియ్యాలె. మీ తాతను నారికురుపు గురించి అడుగు. దిగుడు బావిల కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకునే కాలంల, ఆ నీళ్లు తాగినోళ్లకు ఏడాదికి కాల్ల నుంచి తెల్లగ దారం లెక్క పురుగు బయటికొచ్చేది, రోజింత పుల్లకు చుట్టుకుంట గుంజాలె, వారాలు పట్టేది. తాగింది పోయిన ఎండకాలం, బయటపడేది ఈ ఎండకాలం ఆఖర్ల, అంటే దుక్కి దున్నే టైంకు మనిషి కుంటుకుంట కూసునుడే. దానికి టీకా లేదు, మందు లేదు. నీళ్లు బట్టల వడగట్టి తాగుడు, దిగుడు బావులను మూసుడో చేదబావి చేసుడో, బోరింగులు వేసుడు, దీంతోనే పోయింది. దేశంల ఆఖరి కేసు 1996ల రాజస్థాన్‌ల, 2000ల దేశానికి సర్టిఫికెట్ ఇచ్చిన్రు. ఆ తర్వాత ప్రతి ఏడు మిగిలే పని రోజులు ఎన్నో ఎవరన్న లెక్కేస్తున్నరా? లేదు. మా సెక్షన్ల గూడ గదే చూసిన, మలేరియా కేసులు తగ్గినయని ఖాళీ పోస్టులు నింపరు, స్లైడులు తగ్గుతయి, స్లైడులు తగ్గితే కాగితం మీద కేసులు ఇంకా తగ్గుతయి, పై ఆఫీసుల అందరు ఖుషీ. ఆ మీటింగులల్ల నాకు ఒళ్లు మండేది.

ఇగ నీ సర్వే సంగతి. "జరానికి ఎంత ఖర్చయింది" అని మొదలే అడగకు, దవాఖాన బిల్లు ఒక్కటే చెప్తరు. ఆ నెలల పైసలు ఎక్కడి నుంచి తెచ్చిన్రు, ఎంత మిత్తికి, ఇప్పుడు ఎంత మిగిలి ఉన్నది, బంగారం కుదువ పెట్టిన్రా, మ్యాక గొర్రె అమ్మిన్రా, అమ్మితే మామూలు రేటుకా తక్కువకా, మహిళా సంఘం కిస్తీ తప్పిందా, ఇట్ల అడుగు. ఆడోళ్లను విడిగ అడుగు, మొగోని ముందల కొంగున ఉన్న బాకీ చెప్పరు. మంచంల ఎవరున్నరు అని అడిగినట్టే మంచం పక్కన ఎవరున్నరో అడుగు, వాళ్ల కూలి గూడ రాయి. కూలి రేటు ఏడాది సగటు ఎయ్యకు, జరం వచ్చిన నెల రేటు ఎయ్యి. జరం రాని ఇండ్లను గూడ అన్నే తీస్కో, లేకపోతే పత్తి రేటు పడ్డందుకు అయిన అప్పును గూడ దోమ ఖాతల రాస్తవ్. పాత ముచ్చట మూడు నెలలు దాటితే పైసల లెక్క మరుస్తరు కాబట్టి నవంబర్ల పో, పగటి పూట ఎవ్వరు దొరకరు, రాత్రి ఏడు దాటినంక పో, ఆశా వర్కర్‌ను ఎంబడి తీస్కపో. ఆమె లేకుంట పోతే లోన్ కంపెనీ నుంచి వచ్చినవనుకొని తలుపు తియ్యరు.